మల్లిక తీసిన పద్నాలుగు సెకన్లు

జడ్చర్ల బయట మాత్రలు తయారుచేసే కంపెనీలో మల్లికది చూపు పని. బెల్టు మీద మాత్రల స్ట్రిప్పులు వరసగా పోతుంటాయి. పది గుంతల్లో పది మాత్రలున్నాయా, ఒకటి తక్కువైందా, ఒకటి పగిలిందా అని చూసి, తప్పున్నదాన్ని వేలితో పక్కకు నెట్టాలి. ఏడేళ్లుగా అదే పని. ఈ పిల్ల కన్నుగప్పి ఒక్క మాత్ర కూడా బయటికి పోలేదని సూపర్‌వైజర్ నర్సింగమ్మ కొత్తగా చేరినవాళ్లకు వేలు పెట్టి చూపించి మరీ చెబుతుంది.

మొదటి షిఫ్టు రెండింటికి అయిపోతుంది. సాయంత్రం వంట మొదలుపెట్టేటప్పుడు మల్లిక ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి పెడుతుంది. ఆ వేళకు బెల్జియంలోనో ఇటలీలోనో ఆడవాళ్ల సైకిల్ రేసు నడుస్తూ ఉంటుంది. ఏ జెర్సీ ఏ టీమ్‌దో, ఎవరు కొండ ఎక్కడంలో గట్టివాళ్లో, ఎవరు చివరి రెండొందల మీటర్ల కోసం ఊపిరి దాచుకుంటారో ఆమెకు కంఠతా వచ్చు. రేసు అయిపోయాక దాని గురించి తెలుగులో రాసి తన పేరు లేకుండా ‘ఎదురుగాలి’ అనే తన పేజీలో పెడుతుంది. నాలుగు వేల మంది చదువుతారు. భర్త జానీ కంపెనీ బస్సు నడుపుతాడు. సైకిళ్ల గురించి అతనికి పట్టదు గాని, ఆమె రాసింది మాత్రం ఒక్కటీ వదలకుండా చదువుతాడు.

రెండేళ్ల కిందట అలాంటి ఒక సాయంత్రమే ఫోన్‌లో అనూహ్య కనిపించింది. వానలో తడిసిన రాళ్ల రోడ్డు మీద, నూటఇరవై మంది గుంపులో, ఎడమ అంచున. నాలుగు సెకన్లు ఉందో లేదో. మోచేతులు కొంచెం బయటికి పెట్టి తొక్కే ఆ తీరు చూసి మల్లిక గుర్తుపట్టింది. హాలియా హైస్కూల్లో తనతో చదివిన అనూహ్య. గ్రౌండులో ప్రతి ఏడూ తన వెనక రెండోదిగా వచ్చిన అనూహ్య. ఆ పూట పప్పు తాలింపు మాడిపోయింది. కామెంటేటర్ ఆ పేరును నోరు తిరగక ఏదోలా పలికితే, సరిగ్గా పలకలేదన్న కోపం ఒకటి, అసలు ఎందుకు పలికాడన్న కోపం ఒకటి, రెండూ ఒకేసారి వచ్చాయి ఆమెకు.

మల్లిక నాయిన జానయ్య సాగర్ ఎడమ కాలువ మీద లస్కర్‌గా చేసేవాడు. తూముల దగ్గర నీళ్లు చూసుకుంటూ కాలువ కట్ట మీద రోజూ ఇరవై కిలోమీటర్లు సైకిల్ తొక్కేవాడు. ఆయన సైకిల్ మీదే, సీటు అందక అడ్డకడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఎనిమిదో ఏట మల్లిక తొక్కడం నేర్చుకుంది. అప్పట్లో వాళ్లు హాలియాకు దూరంగా కాలువ కట్ట దగ్గర ఉండేవాళ్లు; ఆరో తరగతి నుంచి బడికి పోను ఏడు కిలోమీటర్లు, రాను ఏడు. పొద్దున పోయేటప్పుడు గాలి పక్క నుంచి కొట్టేది. ఆ గాలికి ఎంత వంగాలో, ఎక్కడ చెట్ల చాటు దొరుకుతుందో ఆమె ఒంటికి తెలుసు. జిల్లా స్థాయిలో రెండేళ్లు ఆమెదే మొదటి బహుమతి.

అనూహ్య వాళ్లది పక్క ఊరి రైతు కుటుంబం. పదో తరగతిలో ఉండగా రాష్ట్ర జట్టుకు ఎంపికలు పెట్టారు. 2015 అది. వాళ్ల బాపు లచ్చయ్య బిడ్డకు సన్న టైర్ల రేసు సైకిల్ కొనిచ్చాడు. మల్లిక బడి పీఈటీ సారు తెచ్చిచ్చిన పాత సైకిల్‌తో హైదరాబాద్ పోయింది. రెండు కిలోమీటర్ల పందెం, ఒక్కొక్కరికీ విడిగా గడియారం పెట్టి. సగంలో ఆమె చైను పడిపోయింది. అనూహ్య ఎంపికై ఢిల్లీ అకాడమీకి పోయింది. మల్లిక ఇంటర్ చదివి, డిగ్రీ సగంలో ఆపి, జడ్చర్ల వచ్చింది.

చైను పడిపోయిన కథ హాలియాలో అందరికీ తెలుసు. పెళ్లిచూపుల్లో జానీకి కూడా అదే చెప్పింది.

“సైకిల్ మంచిదైతే నువ్వే పోతుంటివి గదా బెల్జియం,” అనేవాడు జానీ, ఎప్పుడైనా ఆ మాట వస్తే.

మల్లిక ఔననేది కాదు, కాదనేది కాదు.

ఈ ఏడు ఫిబ్రవరిలో, మన దేశంలో ఎప్పుడూ లేనట్టుగా, ఆడవాళ్ల ప్రొఫెషనల్ సైకిల్ రేసు ఒకటి తెలంగాణలో పెడుతున్నారని వార్త వచ్చింది. పద్దెనిమిది టీములు, అందులో పన్నెండు విదేశాలవి. మూడు రోజులు. మొదటి రోజు హైదరాబాద్ నుంచి నల్లగొండ. రెండో రోజు నల్లగొండ నుంచి హాలియా మీదుగా నాగార్జునసాగర్. మూడో రోజు సాగర్ నుంచి దేవరకొండ, కల్వకుర్తి దాటి జడ్చర్ల.

దారి మ్యాపును మల్లిక వేళ్లతో పెద్దది చేసి చూసింది. తను పుట్టిన చోటు, తను బతుకుతున్న చోటు, రెండింటి మీదుగా పోతోంది ఆ గీత. రైడర్ల పట్టికలో పద్నాలుగో పేరు అనూహ్యది.

వారం తర్వాత మహబూబ్‌నగర్ నుంచి అమరేందర్ ఫోన్ చేశాడు. ఒక దినపత్రిక జిల్లా డెస్కుకు ఆయన ఇన్‌ఛార్జి. ‘ఎదురుగాలి’ చదువుతాడు; పేజీకి కబురు పెట్టి ఆమె పేరు, నంబరు తీసుకున్నాడు.

“అమ్మా మల్లికా, గా రేసు మూడు దినాలు మాకు రాసిపెడ్తవా? మా ఆఫీసుల సైకిల్ పందెమంటే ఎవనికి సమజ్ గాదు. గెలిచిందెవరు, ఓడిందెవరు, గంతే రాస్తరు. ప్రెస్ కార్డు ఇప్పిస్త, ప్రెస్ కారుల జాగా ఇప్పిస్త.”

“నా పేరు ఏస్తరా సార్?”

“పేరు, ఫోటో రెండూ ఏస్త.”

నర్సింగమ్మ మొదట మొహం ముడిచినా, మూడు రోజులు లీవు ఇచ్చింది. జానీ కొత్త బూట్లు కొనిచ్చాడు. “అనూహ్య నీ సోపతిదే గద, మాట్లాడు,” అన్నాడు.

“సోపతి గాదు. ఒక్క బడి, గంతే.”

మొదటి రోజు పొద్దున హైదరాబాద్‌లో టీమ్ బస్సులు బారులు తీరి ఉన్నాయి. ఫోన్‌లో అంగుళం ఉండే జెర్సీలు ఎదురుగా నడుస్తూ వస్తుంటే మల్లిక ఒక్కో టీమ్ పేరు లోపల్లోపలే చెప్పుకుంది. మెకానిక్కులు మోకాళ్ల మీద కూర్చుని చైన్లను గింజ గింజా తుడుస్తున్నారు. ఒక రైడర్ మెట్ల మీద కూర్చుని ఉంటే మరొకామె కాళ్లకు నూనె రాస్తోంది. బస్సు తలుపు తెరిచినప్పుడల్లా కాఫీ వాసన, చల్లగాలి బయటికి వస్తున్నాయి. ఫోటోగ్రాఫర్లు పేర్లు పెట్టి పిలుస్తుంటే ఆ అమ్మాయిలు నల్ల కళ్లద్దాల్లోంచి ఇటు తిరిగి నవ్వుతున్నారు.

బెల్జియం టీమ్ బస్సులోంచి అనూహ్య దిగింది. జుట్టు రెండు జడలేసి హెల్మెట్ కిందికి కట్టింది. మనిషి సన్నబడింది, ఎండకు నల్లబడింది. మల్లిక చూపు తిన్నగా ఆ కాళ్ల మీదికి పోయింది. మోకాలి పైన కండ రెండు పాయలుగా విడిపోయి ఉంది. పిక్కల మీద నరాలు తాళ్లలా తేలాయి. మల్లిక తన చీలమండల కేసి చూసుకుంది. ఎనిమిది గంటల నిలబడే కొలువుకు అవి సాయంత్రానికల్లా ఉబ్బుతాయి.

అనూహ్య ఇటు తిరిగేలోపు ఆమె ఒక లావుపాటి ఫోటోగ్రాఫర్ వెనక్కి జరిగింది.

ప్రెస్ కారులో ముందు సీటు హైదరాబాద్ ఇంగ్లీషు పత్రిక నుంచి వచ్చిన మంజులతది. వెనక ఫోటోగ్రాఫర్, అతని రెండు కెమెరాల సంచులు, సంచుల పక్కన మల్లిక. మంజులత మంచి మనిషే. బిస్కెట్లు పంచింది. రేసు గురించి మాత్రం ఏమీ తెలియదు.

“ముందు ముగ్గురే పోతున్నారు, మిగతావాళ్లు ఎందుకు పట్టుకోవట్లేదు?” అని అడిగింది.

“కావాల్నని పోనిస్తున్నరు మేడం. ముందుపోయినోళ్లు ఎదురుగాలి మొత్తం మీదేస్కుంటరు. ఎనకున్నోళ్లు ఒకరి చాటున ఒకరు తొక్కి బలం దాచుకుంటరు. ఇంకో పది కిలోమీటర్లున్నప్పుడు మింగేస్తరు చూడుండ్రి.”

నల్లగొండకు తొమ్మిది కిలోమీటర్ల ముందు అలాగే మింగేశారు. మరుసటి రోజు పొద్దున మంజులత పత్రికలో ఆ మాటలు ఇంగ్లీషులో, ఆమె పేరు కింద ఉన్నాయి. మింగేయడంతో సహా.

“గిది నేన్ చెప్పిందే గద మేడం,” అంది మల్లిక.

“అవును కదా, భలే చెప్పారు మీరు!” అని మంజులత నిండుగా నవ్వింది.

మల్లిక రాసింది అమరేందర్ ఐదో పేజీలో, మార్కెట్ యార్డు ధరల పక్కన వేశాడు. స్థలం చాలక ఫోటో తీసేశాడు. పేరు మాత్రం ఉంది.

రెండో రోజు రేసు హాలియా వైపు సాగింది. కనగల్ దాటాక రెండు పక్కలా వరి పొలాలు, అడ్డం లేని గాలి. ఆ గాలి మల్లికకు చిన్నప్పటి నుంచి తెలిసిందే. “ఇప్పుడు చీలుతది సూడుండ్రి,” అంది. మంజులత నోటుబుక్కు తీసింది. మల్లిక ఇంకేం మాట్లాడలేదు. రెండు నిమిషాల్లో గుంపు మూడు ముక్కలై, రోడ్డు అంచు నుంచి అంచుకు ఏటవాలుగా పరచుకుంది.

అనూహ్య మొదటి ముక్కలోనే ఉంది. కానీ ముందు లేదు. వెనక్కి జారి టీమ్ కారు దగ్గరికి వచ్చి, ఐదారు నీళ్ల సీసాలు జెర్సీ లోపల వీపు మీద, రొమ్ము మీద దోపుకుని, మళ్లీ గాలికి ఎదురు తొక్కి గుంపును అందుకుని, ఒక్కొక్కరికీ పంచింది. టీమ్‌లో గెలవాల్సింది వేరే ఆమె. ఈమెది మోసే పని, గాలికి అడ్డం నిలబడే పని. మల్లికకు అది తెలియంది కాదు. అయినా, బెల్జియం పోయి నువ్వు చేసేది నీళ్లు మోసుడేనా అని మనసులో అనుకుని, అలా అనుకున్నందుకు ఆ పూటకు హాయిగా అనిపించింది.

హాలియాలో ఆ హాయి పోయింది.

ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంది. సెంటర్‌లో మేడంత ఫ్లెక్సీ: ‘హాలియా ముద్దుబిడ్డ అనూహ్యకు ఘనస్వాగతం’. చుట్టూ నాయకుల మొహాలు, నడుమ ఆమె. బడి పిల్లలు చేతుల్లో జెండాలతో వరసలు కట్టారు. మొన్నటిదాకా మల్లికను చైను పడ్డ పిల్ల అని పలకరించిన కిరాణా కొట్టు లచ్చవ్వ డప్పుల పక్కన చిందేస్తోంది. ఊళ్లలో రేసుకు ఐదు నిమిషాల ముందు పోవాల్సిన ప్రెస్ కారు ఆ జనం నడుమ మెల్లగా కదులుతోంది. మల్లిక అద్దం దించింది.

జనంలో ముందు వరసలో ఆమె తల్లి బిక్షమ్మ ఉంది. ఆదివారం చర్చికి కట్టే తెల్లంచు చీర కట్టుకుని, చేతిలో బంతిపూల దండ పట్టుకుని.

“అమ్మా!” అని అరిచింది మల్లిక. మెడలో కార్డు బయటికి తీసి ఊపింది. “అమ్మా, గిటు సూడే!”

కారు తల్లికి మూడు గజాల దూరం నుంచి పోయింది. బిక్షమ్మ ఆ కారు కేసి చూడనే లేదు. మెడ సాచి, దాని వెనక రావలసిన సైకిళ్ల కోసం చూస్తోంది. దండ అనూహ్యకు.

“మీ అమ్మగారా?” అంది మంజులత.

“ఔ,” అంది మల్లిక. అద్దం పైకి ఎక్కించింది.

పెద్దవూర దాటాక రోడ్డు ఎత్తులకు ఎక్కుతూ దిగుతూ పోతుంది. అక్కడ ప్రెస్ కారును గుంపు వెనక్కి, టీమ్ కార్ల వరసలోకి పోనిచ్చారు. అనూహ్య మూడోసారి సీసాల కోసం వచ్చి, ఎత్తు మీద గుంపు నుంచి విడిపోయింది. భుజాలు అటూ ఇటూ ఊగుతున్నాయి. నోరు తెరుచుకుని ఉంది. టీమ్ కారు పక్కకు వచ్చింది. కిటికీలోంచి ఒక చెయ్యి సీసా చాపింది. అనూహ్య పట్టుకుంది. ఆ చెయ్యి వదల్లేదు, ఈమె వదల్లేదు. ఆమె కాళ్లు ఆగిపోయాయి. కారు ఆమెను ఎత్తు మీదికి లాక్కుపోతోంది.

సీసా అందుకునేటప్పుడు ఒకటి రెండు సెకన్లు అలా పట్టుకోవడం అందరూ చేసేదే, ఎవరూ పట్టించుకోరు. అంతకు మించితే తప్పు. మల్లిక ఫోన్ అప్పటికే చేతిలో ఉంది. ముందు సీటుకు, తలుపుకు మధ్యనున్న సందులోంచి తీసింది. తర్వాత చూసుకుంటే పద్నాలుగు సెకన్లు. మంజులత అప్పుడు ఇటు పక్క కొండలు చూస్తోంది. ఫోటోగ్రాఫర్ కెమెరాకు బ్యాటరీ మారుస్తున్నాడు.

సాగర్‌లో ఆ సాయంత్రం అనూహ్యను వేదిక మీదికి పిలిచారు. మన దేశపు రైడర్లలో అందరికన్నా ముందున్నామెకు ఇచ్చే నీలం జెర్సీ తొడిగారు. రెండో స్థానంలో ఉన్న మణిపూర్ అమ్మాయి కన్నా ముప్పై ఎనిమిది సెకన్లు ముందుంది. చప్పట్లు, రంగు కాగితాలు, వెనక సాగర్ నీళ్లు. అనూహ్య మైకు తీసుకుని తెలుగులో, “మా హాలియాల గంత మందిని చూసేసరికి నాకు ఏడుపొచ్చింది,” అంది.

నీళ్లకు ఎదురుగా ఉన్న హోటల్‌లో ప్రెస్‌కు ఒక హాలు ఇచ్చారు. మల్లిక ఒక మూల కూర్చుని ఆ వీడియో ఆరుసార్లు చూసింది. పది గుంతల్లో తొమ్మిదే మాత్రలున్నాయి. తన పని తప్పును పక్కకు నెట్టడమే. అలా అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటున్నప్పుడు కూడా, తల్లి చేతిలోని దండ కళ్ల ముందు నుంచి పోలేదు. ఏడు గంటలు కాకముందే వీడియోను ‘ఎదురుగాలి’లో పెట్టి, కింద రాసింది: ‘నీలం జెర్సీ ఎత్తు ఎక్కింది కాళ్లతోనా, కారుతోనా?’ అదే అమరేందర్‌కు పంపింది.

అరగంటలో అది ఆమె చేతిలోంచి జారిపోయింది. నాలుగు వేలు కాస్తా నలభై వేలైంది, ఇంకా పెరుగుతూ పోయింది. విదేశీ టీముల వాళ్లు చూశారు, రేసు నిర్ణేతలు చూశారు. ఎనిమిదిన్నరకు కాగితం వచ్చింది: కారు సాయం తీసుకున్నందుకు అనూహ్యకు ఒక నిమిషం పెనాల్టీ. నీలం జెర్సీ మణిపూర్ అమ్మాయికి.

“మొదటి పేజీ!” అని అమరేందర్ ఫోన్‌లో అరిచాడు. “నీ పేరు మొదటి పేజీల, మల్లికా! ఫోటో గూడ!”

ఆ వెంటనే తల్లి ఫోన్ వచ్చింది. బిక్షమ్మ గొంతులో ఏడుపు.

“బిడ్డా, ఎవరో పాడు ముండలు అనూహ్య మీద చాడీ చెప్పిండ్రట. గుంజుకున్నరట బహుమానం. ఊరంత గదే లొల్లి. లచ్చయ్య అన్నం తింటలేడట. నువ్వక్కడనే ఉన్నవ్ గద, ఎవరో తెల్సా?”

“నేనే అమ్మా.”

బిక్షమ్మ ఏడుపు ఆపింది.

“ఎందుకు చేసినవ్ బిడ్డా?”

“తప్పు చేసింది గనుక.”

“తప్పు చేసింది గనుకనేనా?”

జవాబు కోసం ఆగకుండా బిక్షమ్మ ఫోన్ పెట్టేసింది.

మూడో రోజు పొద్దున బయలుదేరే చోట మల్లిక ఎవరి వెనకా దాక్కోలేదు. దాక్కోవడానికి చోటూ లేదు. పత్రిక మొదటి పేజీతో ఆమె పేరు అందరికీ తెలిసిపోయింది. ఒకరిద్దరు విదేశీ రిపోర్టర్లు వచ్చి చెయ్యి కలిపారు. మంజులత మాత్రం ముభావంగా ఉంది. “నాకూ ఒక మాట చెప్పాల్సింది,” అంది. మల్లికకు ఆ మాట తియ్యగానే ఉంది.

అనూహ్య సైకిల్ నడిపించుకుంటూ తిన్నగా ఆమె దగ్గరికి వచ్చింది. ఒంటి మీద మామూలు టీమ్ జెర్సీ. కళ్లు వాచి ఉన్నాయి.

“నువ్వేనా మల్లికా?”

“నేనే.”

“ఎదురుగాలి గూడ నువ్వేనా? రెండేండ్ల సంది చదువుతున్ననే నేను. పేరు లేకపాయె. ఎవరో సారు రాస్తుండనుకున్న.” సైకిల్‌ను తొడకు ఆనించుకుంది. “కారు పట్టుకున్న. తప్పే. నిర్ణేతల ముంగట గూడ గదే చెప్పిన. కాళ్లు ఆగమైనయ్, పట్టుకున్న. పెనాల్టీకి నాకు బాధ లేదు.”

“మరి?”

“కింద నువ్వు రాసిన మాటకు బాధైంది. కాళ్లతోనా, కారుతోనా అని. నా కాళ్ల సంగతి నీకు తెల్వదా?” అనూహ్య గొంతు తగ్గించింది. “ఆ దినం నీ చైను పడ్డంక సెలక్షన్ సారు నీకు మల్ల ఒక్క ఛాన్స్ ఇచ్చిండు. నా సైకిల్ దిగి నీకిచ్చిన. సీటు గూడ నేనే దించిచ్చిన. మర్చిపోయినవా?”

“మర్చిపోలే,” అంది మల్లిక.

ఇన్నేళ్లలో ఆమె ఎవరికీ చెప్పని సంగతి అది. జానీకి చెప్పలేదు, నాయినకు చెప్పలేదు. అనూహ్య ఇచ్చిన ఆ కొత్త సైకిల్ మీద, చైను పడకుండా, గాలి లేకుండా, రెండు కిలోమీటర్లు పూర్తిగా తొక్కింది. దిగేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. సారు గడియారం చూపించాడు. అనూహ్య కన్నా రెండు సెకన్లు ఎక్కువ. ఆమె ఓడిపోయింది సైకిల్ వల్ల కాదు. అన్యాయం జరిగి ఉంటే ఇంత కాలం లోపల రగిలేది కాదేమో. సరిగ్గా, సమానంగా, మంచితనంతో సహా ఓడించింది ఈ పిల్ల.

“ఊల్లె అందరు నీ చైను కథ చెప్తరు,” అంది అనూహ్య. “మా బాపు గూడ గదే నమ్ముతడు. నేనెన్నడు కాదనలే.”

మైకులో రైడర్లను పిలుస్తున్నారు. అనూహ్య సైకిల్ ఎక్కి పోయింది.

కొండమల్లేపల్లి, దేవరకొండ దాటేదాకా ఏమీ జరగలేదు. కల్వకుర్తికి ఇంకా చాలా దూరం ఉందనగా గుంపు కుడి పక్క నుంచి ఒక రైడర్ లేచి, తల దించి, ఒంటరిగా ముందుకు పోయింది. రేడియోలో నంబరు చెప్పారు. అనూహ్య.

“ఇంత దూరం నుంచా? ఒక్కతేనా? గెలుస్తుందా?” అంది మంజులత.

“గెలవదు,” అంది మల్లిక. “ఎనకాల వాళ్ల టీమామె కాళ్లు దాచుకోవాల్నని ఈమెను పంపిండ్రు. మిగిలిన టీములన్నీ ఈమె ఎంబడి ఉరకాలె, అలిసిపోవాలె. జడ్చర్లకు ముందే పట్టుకుంటరు.”

చెప్పింది ఆమే గాని కళ్లు అంకెల మీదే ఉన్నాయి. ఒక నిమిషం దూరం. రెండు. రెండు నిమిషాల నలభై. కల్వకుర్తిలో జనం రోడ్డు మీదికి వచ్చి కేకలు వేస్తుంటే అనూహ్య అటు చూడకుండా పోయింది. అక్కడి నుంచి దూరం తగ్గడం మొదలైంది. రెండు నిమిషాలు. నిమిషంన్నర. తగ్గిన ప్రతిసారీ మల్లిక లోపల ఏదో కుదుటపడుతోంది. పట్టుకోండి, పట్టుకోండి అనుకుంటోంది. అలా అనుకుంటున్నానని ఆమెకు తెలుసు, ఆపుకోలేకపోయింది.

ఒకచోట ప్రెస్ కారు అనూహ్యను దాటి ముందుకు పోయింది. ఆ రెండు మూడు సెకన్లు మల్లిక దగ్గరగా ఆ మొహం చూసింది. ఉప్పు గడ్డకట్టి చెంపలు తెల్లబడ్డాయి. చీమిడి, చొంగ గడ్డం దాకా కారి ఉన్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీయడం లేదు. టీమ్ కారు ఎక్కడో వెనక ఉంది. అనూహ్య పక్కకు కూడా చూడలేదు. ఈ పని తాను చేయగలిగేదా అని మల్లిక తనను తాను అడిగింది. రెండు సెకన్ల తేడా అంటే ఇంత ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసింది.

జడ్చర్లకు నాలుగు కిలోమీటర్ల ముందు పట్టుకున్నారు. గుంపు ఆమెను దాటుకుంటూ పోయింది. ఆమె టీమ్ నాయకురాలు ఫ్లైఓవర్ కింద అందరికన్నా ముందు గీత దాటింది. అనూహ్య ఆరు నిమిషాల తర్వాత, చివరి నుంచి మూడోదిగా వచ్చి, సైకిల్‌ను వదిలేసి రోడ్డు మీదే పడుకుంది.

పత్రికకు మల్లిక రాసి పంపింది అమరేందర్ సగానికి కోశాడు. గెలిచిందెవరు, ఓడిందెవరు, నీలం జెర్సీ వివాదం. వివాదానికి పెద్దక్షరాలు. ఆమె అడిగితే, “జనం అడిగేది గదే గదమ్మా,” అన్నాడు.

మిగిలింది ఆమె ‘ఎదురుగాలి’లో పెట్టింది. తొంభై కిలోమీటర్లకు పైగా ఒక మనిషి గాలికి ఎదురు ఒంటరిగా ఎలా తొక్కిందో, ఏ మలుపులో ఎంత దూరం ఉందో, అంతా రాసింది. చివర ఇంకొక పేరా చేర్చింది. రాసి, చెరిపి, మళ్లీ రాసింది. పదకొండేళ్ల కింద ఎంపికల రోజున తనకు రెండో అవకాశం ఇచ్చారని, మంచి సైకిల్ ఇచ్చారని, ఇచ్చింది అనూహ్యేనని, అయినా రెండు సెకన్లతో తానే ఓడిపోయానని. వీడియో తీసేయలేదు. దాని కింద తాను రాసిన మాటను మాత్రం తీసేసి, ‘నా పేరు మల్లిక, హాలియా’ అని పెట్టింది.

జానీ అన్నం ముందు కూర్చుని అది చదివాడు. ఫోన్ పక్కన పెట్టాడు.

“గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే?”

“చెప్తె నాకేం మిగుల్తది?” అంది మల్లిక.

జానీ అన్నం కలుపుకున్నాడు.

హాలియాలో కొన్నాళ్లు ఆమె పేరెత్తితే మొహం తిప్పుకున్నారు. ఈస్టర్‌కు పోతే లచ్చవ్వ పలకరించలేదు. బిక్షమ్మ మాత్రం మామిడికాయ పప్పు చేసి పెట్టింది. తింటున్నంతసేపు పక్కన కూర్చుని, “నీ కారు గట్ల పోయిందని నాకెవ్వరు చెప్పలే బిడ్డా, చెప్తె నేను జూడనా?” అని నాలుగుసార్లు అంది. లచ్చయ్య బజారులో ఎదురైతే మల్లిక నిలబడింది. ఆయన తల ఊపి పోయాడు, అంతే.

కంపెనీలో నర్సింగమ్మ, తక్కిన ఆడవాళ్లు భోజనాల వేళ చుట్టూ మూగారు. ఆ విదేశీ పిల్లలు ఏం తింటారు, ఆ బస్సుల్లో మంచాలుంటాయా, అంత సన్నటి టైరు మీద పడిపోరా అని అడిగారు. మల్లిక ఓపికగా చెప్పింది. చెబుతూ చెబుతూ అనూహ్య కాళ్ల సంగతికి వచ్చేసరికి ఆమె గొంతు మారిపోవడం నర్సింగమ్మ గమనించింది.

మే నెలలో ఆమె పేజీకి ఒక కబురు వచ్చింది, పంపింది అనూహ్యే. బెల్జియం టీమ్ ఆమె ఒప్పందాన్ని ఇంకో రెండేళ్లు పొడిగించింది. జడ్చర్ల రోడ్డు మీద చేసిన పని చూసే పొడిగించారట. కింద ఒక్క ముక్క: ‘నువ్వు రాస్తవా, వేరేవాళ్లకు పంపాల్నా?’

మల్లిక ఆ పూట వంట ఆలస్యంగా మొదలుపెట్టింది. ఎనిమిది వాక్యాల్లో ఆ వార్త రాసింది. రెండేళ్ల ఒప్పందం రాసింది, ఒంటరిగా తొక్కిన తొంభై కిలోమీటర్లు రాసింది, ఒక నిమిషం పెనాల్టీ కూడా రాసింది. ఒక మాట ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. పేజీలో పెట్టాక ఫోన్ బోర్లించింది.

“ఏమైంది?” అన్నాడు జానీ, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ.

“అనూహ్యకు ఇంకో రెండేండ్లు ఇచ్చిండ్రు.”

“మంచిదే గద?”

“మంచిదే. కడుపుల మండుతుంది.”

“రాసినవా?”

“రాసిన,” అంది మల్లిక, ఉల్లిగడ్డలు ముందుకు లాక్కుంటూ. “అంతా సరిగనే రాసిన.”